మొదటి రెండు మ్యాచ్‌లు ఓడితే సీజన్ పోయినట్టేనా? మిన్నెసోటా చిన్న కాలేజీ ఫుట్‌బాల్ లెక్క ఇది

మీ ప్రశ్న ఇదీ: అబ్బాయి ఈ ఏడు సెయింట్ పాల్‌లో ఒక చిన్న కాలేజీలో చేరాడు. హైస్కూల్లో రిసీవర్‌గా, అంటే పాస్‌లు పట్టేవాడిగా, ఆడాడు, ఇప్పుడు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. జట్టు మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది, రెండోది ఘోరంగా. అబ్బాయి యూనిఫాం తొడుక్కుని సైడ్‌లైన్ మీద నిలబడ్డాడే తప్ప ఒక్క ప్లేకి, అంటే బంతి కదిలి ఆగేదాకా సాగే ఒక్క విడతకి, కూడా లోపలికి వెళ్ళలేదు. సీజన్ పోయినట్టేనా, వాడి సంగతేమిటి, తల్లిదండ్రులుగా మనం ఏం చూడాలి, ఏం చెయ్యాలి అని అడిగారు.

సీజన్ పోలేదండీ. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము టైటిల్ కోసం ఆడే కాలేజీల కూటమి. ఆ సీజన్ ఇంకా మొదలే కాలేదు. కాలేజీ వెబ్‌సైటులో షెడ్యూల్ తెరిచి చూడండి. కొన్ని మ్యాచ్‌ల పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. అవే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. గుర్తు లేనివి బయటి జట్లతో ఆడేవి. పాయింట్ల పట్టికలో ప్రతి జట్టుకూ రెండు లెక్కలు పక్కపక్కనే వేస్తారు, ఒకటి మొత్తం, ఇంకోటి కాన్ఫరెన్స్. ఓడిన ఆ రెండూ గుర్తు లేని మ్యాచ్‌లయితే మీ జట్టు మొత్తంలో 0-2, కాన్ఫరెన్స్‌లో 0-0. టైటిల్ తేల్చేది రెండో అంకెల జతే.

ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) డివిజన్ త్రీలో, అంటే చిన్న కాలేజీల స్థాయిలో, ఒక జట్టు రెగ్యులర్ సీజన్లో 10 మ్యాచ్‌ల కన్నా ఎక్కువ ఆడకూడదు. సెప్టెంబర్ మొదట్లో మొదలై నవంబర్ నడిమికి ముగుస్తుంది, మధ్యలో ఒక వారం ఖాళీ. ఆ పదిలో ఎన్ని బయటి జట్లతో ఆడాలన్నది కాన్ఫరెన్స్‌లో ఎన్ని జట్లున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో ప్రభుత్వ యూనివర్సిటీల కాన్ఫరెన్స్‌లో ఫుట్‌బాల్ జట్లు 8. అందరితో ఒకసారి ఆడితే 7 మ్యాచ్‌లు, మిగతా 3 బయటివి. ఒహాయో కాన్ఫరెన్స్‌లో 2024 దాకా జట్లు 10, అప్పుడు 9 లోపలివి, బయటిది ఒక్కటే. ఆ ఒక్కటీ పోతే సర్దుకునే వీలు తక్కువ. మూడు బయటి మ్యాచ్‌లున్న కోచ్‌కి మాత్రం మొదటి నెలలో కొత్త కుర్రాళ్ళని పరీక్షించుకునే వెసులుబాటు ఉంటుంది. కాబట్టి "రెండు ఓడారు" అన్న మాట విన్నప్పుడల్లా ఎవరితో, ఏ రకం మ్యాచ్‌లో అని అడగాలి. పెద్ద పేరున్న జట్టుని కోరి షెడ్యూల్లో పెట్టుకుని 30 పాయింట్ల తేడాతో ఓడిన కోచ్, బలహీనమైన జట్టు మీద గెలిచి సంబరపడిన కోచ్ కన్నా తన జట్టుని బాగా తెలుసుకుని ఉంటాడు.

మీ అబ్బాయి కాలేజీ ఉన్నది మిన్నెసోటా ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో. అందరూ మయాక్ అంటారు. 1920లో పుట్టింది. 2021 నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్న సభ్యులు పది: ఆగ్స్‌బర్గ్, బెథెల్, కార్ల్‌టన్, కాంకోర్డియా, గస్టావస్ అడాల్ఫస్, హామ్లిన్, మెకాలెస్టర్, సెయింట్ జాన్స్, సెయింట్ ఓలఫ్, సెయింట్ స్కొలాస్టికా. జట్లు పదే అయినా ఇక్కడ అందరూ అందరితోనూ ఆడరు, కాబట్టి బయటి మ్యాచ్‌లకి చోటు మిగులుతుంది. మొదటి వారాల్లో బయటి జట్లతో ఆడేసి, సెప్టెంబర్ చివరికల్లా వీళ్ళు ఒకరి మీద ఒకరు పడతారు.

కాన్ఫరెన్స్ విజేతకి జాతీయ ప్లేఆఫ్ (నాకౌట్) పోటీలో నేరుగా చోటు దొరుకుతుంది. 2024 నుంచి ఆ ప్లేఆఫ్‌లో 40 జట్లు, అంతకు ముందు చాలా ఏళ్ళు 32. విజేతలు పోగా మిగిలిన కొద్ది చోట్లకి ఎవరు వెళ్ళాలన్నది ఇప్పుడు ఒక లెక్కల సూచీ తేలుస్తుంది. దానిపేరు ఎన్‌పీఐ. గెలుపోటములతో పాటు ప్రత్యర్థులు ఎంత గట్టివాళ్ళు అన్నది అందులో పెద్ద పాత్ర వహిస్తుంది. అంటే బయటి మ్యాచ్‌లు ఓడటం వల్ల నష్టం ఎవరికంటే, కాన్ఫరెన్స్‌లో రెండో స్థానంలో నిలిచి ఆ మిగులు చోటు కోసం ఎదురుచూసే జట్టుకి. టైటిల్ గెలిచిన జట్టుని ఆ 0-2 ఆపలేదు. ఇద్దరు సమానంగా నిలిస్తే మామూలుగా మొదట చూసేది వాళ్ళిద్దరూ ఆడుకున్నప్పుడు ఎవరు గెలిచారన్నదే. అందుకే పైన ఉన్న జట్టుతో అక్టోబర్‌లో ఓడితే ఆ దెబ్బ రెండుసార్లు తగులుతుంది, ఒకసారి పట్టికలో, ఇంకోసారి టై తేల్చేటప్పుడు.

ప్లేఆఫ్ జతలు వేసేటప్పుడు దూరం కూడా లెక్కే. బస్సులో వెళ్ళగలిగే దూరానికి ఏళ్ళ తరబడి 500 మైళ్ళు హద్దుగా పెట్టి, అది దాటితేనే విమానం ఇచ్చేవాళ్ళు. విమానాలు తగ్గించుకోవాలని పక్కపక్క రాష్ట్రాల జట్లనే మొదటి రౌండ్లలో జత చేసేవాళ్ళు. మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా జట్లు మొదట్లోనే ఒకదాన్నొకటి ఇంటికి పంపుకోవడం వెనక ఉన్న కారణం అది.

ఇదంతా పై మూడు నాలుగు జట్ల గొడవ. మిగతా జట్ల సీజన్ ఎక్కడ తేలుతుందో అసలు అది తెలుసుకోవాలి. నన్నడిగితే అఫెన్సివ్ లైన్‌లో, అంటే బంతి మనదైనప్పుడు ఎదుటివాళ్ళని అడ్డుకునే ముందు వరుసలో, ఆరో మనిషి, ఏడో మనిషి, ఎనిమిదో మనిషి దగ్గర తేలుతుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ దగ్గర కాదు.

ముందు వరుసలో ఆడేది ఐదుగురు: మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. పెద్ద కాలేజీల డివిజన్ వన్‌లో ఈ ఐదుగురూ 300 పౌండ్ల పైమాటే. చిన్న కాలేజీల్లో 240 నుంచి 280 దాకా ఎక్కువ కనిపిస్తారు. డివిజన్ త్రీలో ఆట చూసి ఇచ్చే స్కాలర్‌షిప్పులు లేవు. చదువుకో, కుటుంబ ఆదాయానికో ఇచ్చేవే ఉంటాయి. కాబట్టి పెద్ద ఒళ్ళు, చురుకైన కాళ్ళు రెండూ ఉన్న కుర్రాణ్ణి ఎవరో ఒకరు డబ్బిచ్చి పైకి తీసుకుపోతారు. చిన్న కాలేజీకి రిసీవర్లు, వాళ్ళని కాచే కార్నర్‌బ్యాక్‌లు కావలసినంతమంది దొరుకుతారు గాని టాకిల్స్ దొరకరు. జాబితాలో 100 మంది ఉన్నా, శనివారం మధ్యాహ్నం నమ్మి లోపలికి పంపగలిగే లైన్‌మెన్ ఏడుగురో ఎనిమిదిమందో ఉంటారు.

ఐదో వారంలో ఎడమ టాకిల్ చీలమండ మెలికపడిందనుకోండి. చీలమండ పైభాగంలో బెణుకైతే ఆరు వారాల దాకా కూడా పట్టొచ్చు, అంటే సీజన్లో సగానికి పైగా. అతని చోటికి ఏ రెండో సంవత్సరం కుర్రాడో వస్తాడు. అతను ఒక్కడూ ఎదుటివాణ్ణి ఆపలేడు కనక సాయంగా బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ని వెనకే ఉంచుతారు. పాస్‌కి బయటికి పరుగెత్తాల్సిన ఐదుగురిలో ఒకడు తగ్గాడు. ఉన్న నలుగురిని కాయడం ఎదుటి డిఫెన్స్‌కి తేలికైంది. పాకెట్‌లో (లైన్ వెనక కాపు ఉన్న చోట) మూడు సెకన్లు దొరికే క్వార్టర్‌బ్యాక్‌కి ఇప్పుడు రెండున్నరే దొరుకుతాయి, దాంతో దూరం పాస్‌లు మానేసి ఐదు గజాలవే వేస్తాడు. ఎదుటి సేఫ్టీలు (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలబడేవాళ్ళు) ఇది పసిగట్టి ముందుకి జరుగుతారు, పరుగు ఆట కూడా మూసుకుపోతుంది. పది గజాలు దాటడానికి నాలుగు అవకాశాలు, వాటినే డౌన్లంటారు. మూడో డౌన్‌కి ఇంకా ఎనిమిది గజాలు మిగిలి ఉంటాయి, అందవు, పంట్ కొడతారు, అంటే బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్ళకి వదిలేస్తారు. ఇలా నాలుగైదుసార్లయ్యేసరికి మీ డిఫెన్స్ 60 ప్లేల బదులు 80 ప్లేలు మైదానంలో నిలబడాల్సి వస్తుంది. నాలుగో క్వార్టర్లో వాళ్ళ కాళ్ళు ఆడవు. చూసేవాళ్ళేమో "డిఫెన్స్ చేతులెత్తేసింది" అంటారు. మొదలైంది ఎడమ టాకిల్ చీలమండ దగ్గర.

మైదానంలో దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. బంతి వెంట చూపు పోనివ్వకుండా, స్నాప్ అయిన (సెంటర్ బంతిని వెనక్కి అందించిన) మొదటి రెండు సెకన్లు ముందు వరుసనే చూడండి. మన ఐదుగురి వీపులు క్వార్టర్‌బ్యాక్ వైపు నెట్టుకొస్తున్నాయా, ఉన్నచోట ఆగాయా? నాలుగైదు ప్లేలు ఇలా చూస్తే ఆ రోజు ఫలితం సగం అర్థమవుతుంది.

మర్నాడు గణాంకాలు చూసేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్ దొరికిపోయి వెనక్కి పోయిన గజాలని పరుగు గజాల్లోంచి తీసేస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అవి పాస్ గజాల్లోంచి పోతాయి. అంచేత "28 పరుగుల్లో 41 గజాలు" అని కనబడితే రన్నింగ్ బ్యాక్ చేతకానివాడని అనుకోకండి. నాలుగు సాక్‌లలో (క్వార్టర్‌బ్యాక్ అలా దొరికిపోవడాల్లో) 30 గజాలు పోయి ఉండొచ్చు. సాక్‌లు కలిపేసి చూస్తే మిగతా 24 పరుగుల్లో 71 గజాలు, అంటే ఒక్కోదానికి దాదాపు మూడు. తక్కువే, కానీ 41 చెప్పినంత ఘోరం కాదు. చూడాల్సినవి ఇంకో మూడున్నాయి. ఒకటి టర్నోవర్లు, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నాం, ఎన్నిసార్లు లాక్కున్నాం అన్నది. రెండు, మూడో డౌన్ విజయాలు: 40 శాతం దాటితే జట్టు ఆరోగ్యంగా ఉన్నట్టు, 30 కిందికి దిగితే నేను పైన చెప్పిన గొలుసు మొదలైనట్టు. మూడు, ఒక్కో ప్లేకి సగటు గజాలు. మొత్తం గజాలు మోసం చేస్తాయి. 35 పాయింట్లు వెనకబడ్డ జట్టు చివర్లో ఉత్తినే 150 గజాలు పోగేస్తుంది.

స్పెషల్ టీమ్స్ (బంతి తన్నే ప్లేలకి దిగే జట్లు) సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయి మైదానంలోకి అడుగుపెట్టే దారి అదే.

కాలేజీలో కికాఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను) 35 గజాల గీత నుంచి. బంతి ఎండ్‌జోన్‌లోకి (మైదానం చివరి పట్టీలోకి) పోయి ఆగిపోతే ఎదుటి జట్టు 25 నుంచి మొదలుపెడుతుంది. పెద్ద కాలేజీల కికర్లకి అది మామూలు. చిన్న కాలేజీల్లో అంత దూరం కొట్టేవాళ్ళు తక్కువ, నవంబర్ చలిలో బంతి రాయిలా గట్టిపడ్డాక మరీ తక్కువ. బంతి 10 గజాల దగ్గరే పడుతుంది, ఎదుటివాడు పట్టుకుని పరుగెత్తుతాడు. అప్పుడు పదిమంది దూసుకెళ్ళి వాణ్ణి ఆపాలి. ఆ పదిమందిలో మొదటి జట్టు ఆటగాళ్ళనే వాడితే వాళ్ళు అలిసిపోతారు, దెబ్బలు తగిలించుకుంటారు. అందుకని కోచ్‌లు వేగం ఉండి భయం లేని మొదటి సంవత్సరం కుర్రాళ్ళ కోసం వెతుకుతారు. పంట్‌లోనూ అంతే. 38 గజాలు కొట్టి ఎదుటివాడికి 10 గజాల పరుగు ఇస్తే మిగిలింది 28. 35 గజాలే ఎత్తుగా కొట్టి, కింద ఇద్దరు సమయానికి చేరుకుంటే ఎదుటివాడు ఫెయిర్ క్యాచ్ అడుగుతాడు (పట్టుకుంటాను, పరుగెత్తను అని), 35కి 35 మిగులుతుంది. పోటాపోటీగా సాగే మ్యాచ్‌లో ఈ ఏడు గజాలు ఆరేడుసార్లు కలిస్తే, కర్రల మధ్యకి బంతి తన్నే ఒక ఫీల్డ్ గోల్ దూరం. (ఫీల్డ్ గోల్ దూరానికి సులువు లెక్క: బంతి ఉన్న గీతకి 17 కలపండి. 20 గజాల గీత మీద ఉంటే 37 గజాల కిక్. ఎండ్‌జోన్ 10, వెనక్కి నిలబెట్టేది దాదాపు 7.)

ఇక అబ్బాయి ఇంతవరకు ఎందుకు ఆడలేదన్నది. ఆగస్టు శిబిరంలో మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, తర్వాతి రెండు రోజులు హెల్మెట్‌తో పాటు షోల్డర్ ప్యాడ్లు, ఐదో రోజునే పూర్తి సరంజామా. ఎండదెబ్బ తగలకుండా ఒంటిని అలవాటు చేసే నియమం అది. ఆ తర్వాత మొదటి మ్యాచ్‌కి రెండు వారాల పైచిలుకు మిగులుతుంది. హైస్కూల్ రిసీవర్ నాలుగైదు రూట్లతో (పాస్ కోసం పరుగెత్తే దారులతో) నెట్టుకొస్తాడు. కాలేజీలో అదే పిల్లవాడు డిఫెన్స్ నిలబడ్డ తీరుని బట్టి పరుగు మధ్యలో రూటు మార్చుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ ఐదు అడుగులు వెనక్కి వేసి, ఐదో అడుగు నేల తాకగానే బంతి వదులుతాడు, రిసీవర్ అప్పటికింకా తిరిగి కూడా ఉండడు. 12 గజాలు వెళ్ళి తిరగాల్సినవాడు హడావిడిలో పదికే తిరిగితే బంతి వెళ్ళేది కార్నర్‌బ్యాక్ చేతుల్లోకి. స్టాండ్స్‌లో అందరూ క్వార్టర్‌బ్యాక్‌ని తిడతారు. ఆదివారం వీడియో గదిలో కోచ్‌కి తెలుసు తప్పెవరిదో. ఆ రెండు గజాల నమ్మకం కుదిరేదాకా కోచ్ ఎవరినీ పంపడు, ఎంత వేగం ఉన్నా సరే. రెండో కారణం బ్లాకింగ్. పరుగు ఆట పక్కకి వచ్చినప్పుడు రిసీవర్ తన ముందున్నవాణ్ణి కనీసం రెండు సెకన్లు అడ్డుకోవాలి. ఇది హైస్కూల్లో ఎవరూ గట్టిగా నేర్పరు.

వాడు చెయ్యగలిగిన పనులు నాలుగు ఉన్నాయి, ఇవి వాడికే చెప్పండి. రెండు చివరలూ, లోపలి స్లాట్ కలిపి మూడు రిసీవర్ స్థానాల ప్లేలూ నేర్చుకోవాలి. ఎవరికి దెబ్బ తగిలినా ఆ చోట నిలబడగలిగినవాడే ముందు బస్సెక్కుతాడు, ఎందుకంటే బయటి ఊళ్ళకి జట్టు మొత్తం వెళ్ళదు, కాన్ఫరెన్స్ పెట్టిన సంఖ్యకే పరిమితం. రెండోది, స్పెషల్ టీమ్స్ కోచ్ దగ్గరికి తనంతట తాను వెళ్ళి కికాఫ్ కవరేజిలో చోటు అడగాలి. మూడోది స్కౌట్ టీమ్. వారం మధ్యలో ఈ కుర్రాళ్ళు వచ్చే ప్రత్యర్థిలా వేషం కట్టి మన మొదటి డిఫెన్స్ ఎదుట ఆడతారు. చాలామంది దాన్ని శిక్షలా భావించి నడిచినట్టు పరుగెడతారు. కానీ అది కూడా వీడియో తీస్తారు, డిఫెన్స్ కోచ్ రోజూ చూస్తాడు. "ఈ కుర్రాణ్ణి మనవాళ్ళు ఆపలేకపోతున్నారు" అని అతను పక్క కోచ్‌తో అన్న రోజున మీ అబ్బాయి జాతకం మారుతుంది. నాలుగోది జేవీ (రెండో శ్రేణి జట్టు) మ్యాచ్‌లు. ఇవి ఎక్కువగా ఆదివారమో సోమవారమో, పెద్దగా ప్రకటన లేకుండా జరుగుతాయి. మొదటి సంవత్సరం వాళ్ళకి అసలు ఆట అక్కడే దొరుకుతుంది. మీరు శనివారాలు చలిలో కూర్చుని నిరాశపడే బదులు ఈ మ్యాచ్‌ల తేదీలు అడిగి తెలుసుకుని వెళ్ళండి. వాడు 40 ప్లేలు ఆడటం చూస్తారు.

వాళ్ళ వారం ఎలా గడుస్తుందో తెలిస్తే ఎప్పుడు ఫోన్ చెయ్యాలో మీకే తెలుస్తుంది. ఆదివారం ఒళ్ళు సడలించుకోవడం, దెబ్బలు చూపించుకోవడం, మ్యాచ్ వీడియో. వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలన్నది నియమం, చాలాచోట్ల అది సోమవారం. మంగళవారం మొదటి, రెండో డౌన్ల ప్లేలు, ఒళ్ళు ఎక్కువ హూనమయ్యేది ఆ రోజే. బుధవారం మూడో డౌన్, గోల్ దగ్గరి ప్లేలు. గురువారం స్పెషల్ టీమ్స్, మొత్తం ఒకసారి తిరగేసుకోవడం. శుక్రవారం నడకతో సరి, లేదా ప్రయాణం. మంగళ, బుధవారాల రాత్రుళ్ళు వాడు పొడిపొడిగా మాట్లాడితే కంగారుపడకండి, ప్రాక్టీసు తర్వాత ల్యాబ్ రిపోర్టులు కూడా రాయాలి. అక్టోబర్ మధ్యలో మిడ్ టర్మ్ పరీక్షలు, ఆటలో గాయాల ఒత్తిడి ఒకేసారి వచ్చిపడతాయి. చాలామంది మొదటి సంవత్సరం పిల్లలు జట్టు మానేసేది ఆ రెండు వారాల్లోనే.

తిండి గురించి. మీ ఇంట్లో మాంసం ముట్టరని రాశారు కాబట్టి చెబుతున్నాను, అది అడ్డంకి కాదు గాని లెక్క వేసుకోవాలి. ఇలాంటి ఆటకి ఒంటి బరువులో కిలోకి 1.6 గ్రాముల మాంసకృత్తులు అవసరమని సాధారణ లెక్క. 85 కిలోల కుర్రాడికి రోజుకి సుమారు 136 గ్రాములు. గిన్నెడు ముద్దపప్పులో 15 నుంచి 18 గ్రాములు, 100 గ్రాముల పనీరులో 18 దాకా, గ్లాసు పాలలో 8, గుడ్డు తింటే ఒక్కోదానికి 6. పప్పన్నం, పెరుగన్నంతో మూడు పూటలు గడిపితే 60 దాటదు, అక్టోబర్ కల్లా బరువు తగ్గిపోవచ్చు. డైనింగ్ హాల్లో గ్రీక్ పెరుగు, టోఫు, బీన్స్ దొరుకుతాయి. గదిలో వేయించిన శనగలు, పల్లీలు, పాలపొడి ఉంచితే రాత్రి పూట ఆకలి తీరుతుంది. మీరు వారాంతంలో వెళ్ళేటప్పుడు పులిహోర తీసుకెళ్ళండి, తప్పులేదు, కానీ దానితో పాటు గట్టిపప్పు డబ్బా కూడా పెట్టండి. మ్యాచ్ ముందు మాత్రం మూడు గంటల ముందే భోజనం ముగించాలి, నూనె తక్కువగా.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది తలకి తగిలే దెబ్బ. పడిపోయి స్పృహ తప్పితేనే కన్‌కషన్ అనుకోవడం పెద్ద పొరపాటు. చాలావరకు స్పృహ పోదు. తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చిరాకు, చదివింది ఎక్కకపోవడం, వేళకాని వేళ నిద్ర ఉంటే చాలు. వాడు ఫోన్లో "ఏం లేదు నాన్నా" అంటున్నా ఇవి వినబడితే వెంటనే జట్టు అథ్లెటిక్ ట్రైనర్‌కి చెప్పమనండి. తిరిగి ఆడించే పద్ధతి మెట్లుమెట్లుగా ఉంటుంది. ముందు తేలికపాటి సైకిలు లేదా నడక, తర్వాత ఆటకి సంబంధించిన పరుగులు, తర్వాత ఎవరూ తగలని డ్రిల్స్, వైద్యుడి అనుమతితో పూర్తి ప్రాక్టీసు, ఆఖరున మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు, లక్షణం తిరిగొస్తే మళ్ళీ వెనక్కి. కాబట్టి శనివారం తగిలిన దెబ్బకి వచ్చే శనివారం ఆడటం అరుదు, ఆడించమని అడగకూడదు కూడా. ఈ నిర్ణయం వైద్య సిబ్బందిది, కోచ్‌ది కాదు.

బీమా కాగితాలు ఇప్పుడే తీసి చూసుకోండి. ఆటలో తగిలిన గాయానికి చాలా కాలేజీల్లో ముందు ఇంటి బీమా చెల్లించాలి, మిగిలింది కాలేజీ బీమా చూస్తుంది. మీ ఉద్యోగం ద్వారా వచ్చే పాలసీలో పిల్లలు 26 ఏళ్ళ దాకా ఉండొచ్చు. ఎంఆర్‌ఐకి ముందస్తు అనుమతి కావాలా, కాలేజీ దగ్గరి ఆసుపత్రి మీ నెట్‌వర్క్‌లో ఉందా అన్నవి దెబ్బ తగిలిన రాత్రి వెతుక్కునే విషయాలు కావు. ఇంకొకటి: వాడికి 18 నిండాయి, కాలేజీలో ఉన్నాడు కనక మార్కులు, వైద్యం వివరాలు వాడు సంతకం పెట్టి అనుమతిస్తే తప్ప మామూలుగా మీకు చెప్పరు. ఆ కాగితం మీద ముందే సంతకం చేయించుకోండి. కోచ్‌కి మాత్రం "మావాణ్ణి ఎందుకు ఆడించట్లేదు" అని ఈమెయిలు పెట్టకండి. ఆ ప్రశ్న వాడు వెళ్ళి అడిగితే జవాబు దొరుకుతుంది, మీరు అడిగితే తలుపు మూసుకుంటుంది.

ఘోరమైన ఓటమి గురించి మీరు బాధపడ్డారు. ఈ కాన్ఫరెన్స్ అంతకన్నా పెద్దవి చూసింది. 2017లో సెయింట్ థామస్ జట్టు సెయింట్ ఓలఫ్ మీద 97-0తో గెలిచింది. అంత తేడా ఉన్న కాలేజీలు ఒకే కాన్ఫరెన్స్‌లో ఉండటం న్యాయమా అన్న చర్చ ముదిరి, 2019లో సెయింట్ థామస్‌ని బయటికి పంపాలని నిర్ణయించారు. ఆ కాలేజీ 2021లో నేరుగా డివిజన్ వన్‌కి వెళ్ళిపోయింది. మెకాలెస్టర్ 1974 నుంచి 1980 దాకా వరసగా 50 మ్యాచ్‌లు ఓడింది. ఈ శతాబ్దం మొదట్లో ఫుట్‌బాల్ వరకు మయాక్ నుంచి తప్పుకుంది కూడా. 2021లో తిరిగొచ్చి మళ్ళీ ఆడుతోంది. అదే గూటిలో సెయింట్ జాన్స్ ఉంది. అక్కడ జాన్ గాలియార్డి 1953 నుంచి 2012 దాకా కోచ్. మొత్తం 489 విజయాలు, కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికన్నా ఎక్కువ. ఆయన ప్రాక్టీసులో టాకిల్ చెయ్యనిచ్చేవాడు కాదు. 2003లో జాతీయ ఫైనల్లో వరసగా 55 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన మౌంట్ యూనియన్‌ని 24-6తో ఓడించింది ఆయన జట్టే. లైన్‌లో ఎనిమిదో మనిషి గురించి నేను చెప్పినదానికి ఆ పద్ధతి కన్నా మంచి సాక్ష్యం లేదు: వారం మధ్యలో మనుషుల్ని పోగొట్టుకోని జట్టు నవంబర్‌లో నిలబడుతుంది.

బయటి ఊళ్ళలో జరిగే మ్యాచ్‌లకి వెళ్ళాలనుకుంటే దూరాలు తెలుసుకోండి. జంట నగరాల (మినియాపొలిస్, సెయింట్ పాల్) నుంచి నార్త్‌ఫీల్డ్ 40 మైళ్ళు, కార్ల్‌టన్, సెయింట్ ఓలఫ్ రెండూ ఆ ఊళ్ళోనే. 1977లో ఆ రెండు కాలేజీలూ గజాలు పక్కనపెట్టి మీటర్ల మైదానం మీద ఒక మ్యాచ్ ఆడాయి, సెయింట్ ఓలఫ్ 43-0తో గెలిచింది. కాలేజ్‌విల్‌లో సెయింట్ జాన్స్ మైదానం దాదాపు 80 మైళ్ళు. చుట్టూ అడవి, అక్టోబర్ మొదట్లో ఆకులు రంగు మారినప్పుడు అంత అందమైన చోటు ఈ కాన్ఫరెన్స్‌లో ఇంకొకటి లేదు. సెయింట్ స్కొలాస్టికా ఉన్న డులూత్ 155 మైళ్ళు, సరస్సు గాలి ఉంటుంది. కాంకోర్డియా ఉన్న మూర్‌హెడ్ 235 మైళ్ళు, మూడున్నర గంటలు, అడ్డం లేని మైదాన ప్రాంతం కాబట్టి గాలి నేరుగా తగులుతుంది. నవంబర్‌లో స్టేడియం అల్యూమినియం బెంచీల మీద ఉత్తినే కూర్చుంటే అరగంటలో చలి ఎముకల్లోకి దిగుతుంది. కింద వేసుకోవడానికి దళసరి నురుగు చాప తీసుకెళ్ళండి, కాళ్ళకి ఊలు సాక్సు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారినో తాతగారినో తీసుకెళ్ళాలనుకుంటే సెప్టెంబర్ మ్యాచ్‌లకే పరిమితం చెయ్యండి.

ఆఖరి మ్యాచ్ అయ్యాక వారం పది రోజుల్లో ప్రతి ఆటగాడితో కోచ్ విడిగా కూర్చుని మాట్లాడతాడు. పది పదిహేను నిమిషాలకి మించదు. అబ్బాయిని మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళమనండి. వచ్చే ఆగస్టుకి ఎంత బరువు ఉండాలి? మూడు రిసీవర్ స్థానాల్లో ఏది నాకు ముందు దొరికేలా ఉంది? కికాఫ్, పంట్ జట్లలో ఏదాంట్లో చోటు ఖాళీ అవుతోంది? జవాబులు ఫోన్లో రాసుకుని బయటికి రాగానే చలికాలం బరువుల గది షెడ్యూల్ తీసుకోమనండి, అది చాలాచోట్ల డిసెంబర్ పరీక్షల ముందే పంచుతారు.